పుట్టువెంట్రుకలు తీసేటప్పుడు నన్నడిగారా?

అమెరికాలో పెరిగే ఆడపిల్లకి తన ఒంటిరంగు మీద, జుట్టు మీద చిన్నచూపు వస్తుందేమోనని అక్కడి తెలుగు తల్లిదండ్రులు చాలామంది బెంగపడతారు. మేమూ పడ్డాం. డాలస్ దగ్గర ఫ్రిస్కోలో మా అమ్మాయి బడిలో చేరినప్పటి నుంచీ ఆ మాట ఎప్పుడొస్తుందా అని చెవులు రిక్కించుకునే ఉన్నాం. చివరికి వచ్చింది, కూకట్‌పల్లిలో. మా అక్క కూతురి పెళ్లికని హైదరాబాద్ వచ్చిన రెండో వారంలో, పద్నాలుగేళ్ల మా అమ్మాయి అడిగింది: "నాన్నా, నాకు పర్మనెంట్ స్ట్రెయిటెనింగ్ చేయిస్తావా?"

దానిది ఉంగరాల జుట్టు. వాళ్లమ్మది జారిపోయే పట్టుకుచ్చు లాంటి జడ. ఉంగరాలన్నీ నా వైపు నుంచి వెళ్లినవే. ఫ్రిస్కోలో దాని బాత్రూం అలమరలో సల్ఫేట్ లేని షాంపూ, కండిషనర్, కడిగాక రాసుకునే క్రీము, జెల్ వరసగా ఉంటాయి. తల తుడుచుకోవడానికి తువ్వాలు పనికిరాదట, పాత టీషర్టే కావాలి. దిండుకి శాటిన్ గలీబు. ఈ వైభోగం చూసి నేను నవ్వుకునేవాణ్ని కానీ, జుట్టు మాత్రం చక్కగా చుట్టలు చుట్టలుగా నిలిచేది. అక్కడి పిల్లలు అస్సలు ఏమీ అనరని చెప్పను. "ముట్టుకోవచ్చా?" అని అడిగేవాళ్లుంటారు, కొందరు అడక్కుండానే ముట్టుకుంటారు. కానీ దాని క్లాసులో రకరకాల జుట్లున్న పిల్లలున్నారు. 2019లో కాలిఫోర్నియా మొదలుపెట్టిన క్రౌన్ చట్టం 2023 సెప్టెంబర్ నుంచి టెక్సస్‌లోనూ అమలులో ఉంది. జాతితో ముడిపడిన జుట్టు తీరును బట్టి బళ్లోగానీ ఉద్యోగంలోగానీ వివక్ష చూపకూడదని ఆ చట్టం. నల్లజాతి వాళ్లు పోరాడి తెచ్చుకున్నదే అయినా, ఆ నీడ మా పిల్ల మీదా కాస్త పడింది.

కూకట్‌పల్లి కేపీహెచ్‌బీ కాలనీలో మా అమ్మ ఉండే అపార్ట్‌మెంట్‌కి ఆ చట్టం వర్తించదు. ముందు నీళ్లే ఎదురు తిరిగాయి. బోరునీళ్లు, అవి చాలనప్పుడు ట్యాంకరు. బకెట్ అంచున తెల్లటి చార కట్టే ఆ నీళ్లతో తలస్నానం చేస్తే ఉంగరాలు విడిపోయి కొబ్బరిపీచులా లేచాయి. దానికి తోడు జూన్ వానల తేమ. ఆ తర్వాత చుట్టాలు. "అయ్యో, జుట్టేంటే ఇలా అయిపోయింది, అక్కడ నూనె రాయదా మీ అమ్మ?" అని మొదలయ్యేది. కాఫీ తాగి లేచే వేళకి "స్మూతెనింగ్ చేయించెయ్యండి, పెళ్లి ఫొటోల్లో బాగా పడుతుంది" దగ్గర ఆగేది. ఎవరికీ చెడ్డ ఉద్దేశం లేదు. అదే నాకు ఎక్కువ చిరాకనిపించింది. చెడ్డ ఉద్దేశం ఉన్నవాళ్లకైతే జవాబు చెప్పొచ్చు.

ఈ అత్తయ్యలూ పిన్నులే నా చిన్నప్పుడు నా తల నిమిరి, "కృష్ణుడి జుట్టురా వీడిది" అని మురిసిపోయేవాళ్లు. ఉంగరాల జుట్టు వాడికి అదృష్టం అని కూడా అనేవాళ్లు. సరిగ్గా అదే జుట్టు కూతురి తల మీదికొచ్చేసరికి దువ్వెనకి లొంగని బెడద అయింది. మా అమ్మాయి ఇది నాకంటే ముందే పట్టేసింది. "నీ హెయిర్ కూడా ఇంతే కదా నాన్నా, నిన్నెవరూ ఎందుకు అనరు?" అంది. నాకిప్పుడు మిగిలిందే నాలుగు పోచలు కాబట్టి అనరని తప్పించుకున్నాను గానీ, అది నవ్వలేదు.

మా ఆవిడ మాత్రం చేయిద్దామనే అంది. ఆమె లెక్క వేరు. పొద్దున స్కూలు బస్సు టైముకి చిక్కు తీయడం, అది ఏడవడం, ఈమె విసుక్కోవడం, ఇదంతా ఇన్నేళ్లుగా భరించింది ఆమె. నేను పక్క గదిలో కాఫీ తాగుతూ ఉంగరాల ఆత్మగౌరవం గురించి ఆలోచించే మనిషిని. ఆ మాట ఆవిడ అననే అంది. అందుకని అవుననీ కాదనీ అనకుండా, అసలు ఏం చేస్తారో చూసొద్దామని ముగ్గురం పార్లర్‌కి వెళ్లాం.

మెట్రో లైను పక్కనే మేడ మీద ఉంది. అక్కడి అమ్మాయి మా పిల్ల తల అటూ ఇటూ తిప్పి చూసి, "రీబాండింగ్ చేస్తే మస్తుగుంటది మేడమ్, ఏడాది దాకా చూసే పనుండదు" అంది. పొడవును బట్టి వేలల్లో చెప్పింది. ఫ్రిస్కోలో ఇదే పనికి వందల డాలర్లు అవుతుంది కాబట్టి, ఇండియా వచ్చినప్పుడు పళ్లు కట్టించుకున్నట్టు, కళ్లజోళ్లు చేయించుకున్నట్టు జుట్టు కూడా ఇక్కడే కానిచ్చే ప్రవాసులు చాలామంది. "ఎన్నారై మేడమ్‌లు ఎయిర్‌పోర్ట్‌కి వెళ్లే ముందు వస్తుంటారు సార్" అని ఆ అమ్మాయే చెప్పింది.

నేను చదువుకున్నదీ ఆమె చెప్పిందీ కలిపి మా అమ్మాయికి వివరించాను. వెంట్రుక కెరాటిన్ అనే ప్రోటీన్. అందులో రెండు రకాల ముడులుంటాయి. ఒకటి బలహీనమైన హైడ్రోజన్ బంధాలు. ఇస్త్రీ మిషన్ లాంటి స్ట్రెయిటెనర్‌తో లాగితే వంగేవి ఇవే, తల తడిస్తే మళ్లీ మొదటికే వస్తాయి. రెండోది గంధకపు బంధాలు, నీళ్లకి లొంగవు. రీబాండింగ్‌లో థయోగ్లైకోలేట్ అనే రసాయనం ఉన్న క్రీము రాసి వాటినే తెంచుతారు. కడిగి, ఆరబెట్టి, పాయలు పాయలుగా వేడి పలకల మధ్య నొక్కుతారు. తర్వాత హైడ్రోజన్ పెరాక్సైడ్ ఉన్న న్యూట్రలైజర్ పోస్తే, తెగిన బంధాలు తిన్నటి రూపంలో మళ్లీ ముడిపడతాయి. మొత్తం నాలుగైదు గంటల కూర్చోపెట్టు. క్రీము కొంచెం ఎక్కువసేపు ఉంచినా, ఇంతకుముందే రంగు వేసిన జుట్టు మీద పడినా వెంట్రుక తెగుతుంది, నెత్తి మంట పుడుతుంది.

పర్మనెంట్ అంటే ఆ వెంట్రుక వరకే పర్మనెంట్. కుదురు కింద ఏమీ మారదు. నెలకి సుమారు ఒక సెంటీమీటరు కొత్త జుట్టు ఎప్పటిలాగే ఉంగరాలతో వస్తుంది. అంటే క్రిస్మస్ సెలవుల నాటికి పైన ఒక ఆరు సెంటీమీటర్ల రింగులు, కింద గీత గీసినట్టు గడ్డిపరకలు. ఆ రెండూ కలిసే చోటే వెంట్రుక ఎక్కువగా విరుగుతుంది. అప్పుడు మళ్లీ కుదుళ్లకి మాత్రమే, పాతదానికి అంటకుండా క్రీము రాయగలిగే చెయ్యి కావాలి. ఫ్రిస్కోలో ఆ చెయ్యి ఎంత అడుగుతుందో తెలుసు కాబట్టి మా ఆవిడ అక్కడ మొదటిసారి ఆలోచనలో పడింది.

అది చూసి పార్లర్ అమ్మాయి ఇంకో దారి చూపించింది. కెరాటిన్ ట్రీట్‌మెంట్, మూడు నాలుగు నెలలే ఉంటుంది, జుట్టుకి బలం కూడా అంది. పేరు వినగానే ఏదో పోషకాహారంలా ఉంటుంది గానీ, నాకు అసలు భయం దీంతోనే. వీటిలో చాలావాటిలో ఫార్మాల్డిహైడ్‌గానీ, వేడి తగిలితే దాన్ని వదిలే మెథిలీన్ గ్లైకాల్‌గానీ ఉంటుంది. ఇంటర్ బైపీసీ ల్యాబులో కప్పల్ని సీసాల్లో నిలవ ఉంచే ఫార్మలిన్ గుర్తుంటే, ఆ వాసన గుర్తుంటే, ఇదీ అదే. మనుషుల్లో క్యాన్సర్ కలిగించే పదార్థాల జాబితాలో ప్రపంచ ఆరోగ్య సంస్థకి చెందిన పరిశోధన విభాగం దీన్ని చేర్చింది. జుట్టు తిన్నగా చేసే ఉత్పత్తుల్లో దీన్ని నిషేధించే ప్రతిపాదన తెస్తామని అమెరికాలో ఆహారం, మందులు, సౌందర్య సాధనాల మీద నిఘా పెట్టే ఎఫ్‌డీఏ 2023లో చెప్పి, తేదీలు జరుపుకుంటూ పోయింది. చుట్టూ కూర్చున్నవాళ్ల కంటే రోజంతా ఆ పొగలో నిలబడే పార్లర్ పిల్లలకే ఎక్కువ హాని అని నాకనిపిస్తుంది. వాళ్లకి మాస్కులు కూడా లేవు.

"ఫార్మాల్డిహైడ్ ఫ్రీ" అని రాసినవి ఉన్నాయి. వాటిలో కొన్నింట్లో దాని బదులు గ్లైఆక్సిలిక్ యాసిడ్ వేస్తారు. ఆ యాసిడ్ ఉన్న క్రీముతో మూడుసార్లు స్ట్రెయిటెనింగ్ చేయించుకుని, మూడుసార్లూ కిడ్నీలు దెబ్బతిన్న 26 ఏళ్ల యువతి గురించి 2024లో ఒక పెద్ద వైద్య పత్రికలో వచ్చింది. ఇజ్రాయెల్ వైద్యులు కూడా ఇలాంటి కేసులు నమోదు చేశారు. ఇక 2022లో అమెరికాలో వచ్చిన అధ్యయనం ఒకటి. 33 వేలకి పైగా స్త్రీలని సుమారు 11 ఏళ్లు గమనించారు. జుట్టు తిన్నగా చేసే ఉత్పత్తులు ఎప్పుడూ వాడనివాళ్లలో 70 ఏళ్లు వచ్చేసరికి గర్భాశయ క్యాన్సర్ 1.64 శాతం మందికి వస్తుందని, తరచూ వాడేవాళ్లలో అది 4.05 శాతమని అంచనా వేశారు. తరచూ అంటే ఏడాదిలో నాలుగుసార్లకి మించి. దానివల్లే వచ్చిందని ఈ అంకెలు రుజువు చేయవు. ఒక్కసారి చేయించుకున్నవాళ్లు హడలిపోనక్కర్లేదు కూడా. కానీ పద్నాలుగేళ్లకి మొదలుపెడితే ఎక్కడ ఆపుతారన్నది నా ప్రశ్న.

ఇవన్నీ విన్నాక కూడా మా అమ్మాయి మెత్తబడలేదు. రాత్రి భోజనాల దగ్గర అసలైన అస్త్రం తీసింది. "నాకు ఎలెవెన్ మంత్స్ ఉన్నప్పుడు తిరుపతి తీసుకెళ్లి మొత్తం గుండు కొట్టించారు. నన్నడిగారా? చెవులు కుట్టించారు. అడిగారా? ఇప్పుడు నా హెయిర్ గురించి నేను అడిగితే సైన్స్ చెప్తున్నారు."

మా అమ్మ వెంటనే "ఆ గుండు తర్వాతేనే నీకీ ఉంగరాలొచ్చింది, అంతకుముందు తిన్నగానే ఉండేది" అని నిప్పులో నెయ్యి పోసింది. గుండుకీ దానికీ సంబంధం లేదు, పసిపిల్లల జుట్టు పెరిగేకొద్దీ ఎలాగూ మారుతుంది. కానీ ఆ పూట ఎవరు వింటారు? కల్యాణకట్టలో తీసిన జుట్టుని దేవస్థానం వేలం వేస్తుందని, అందులో ఎంతో విదేశాలకి వెళ్లి విగ్గులవుతుందని నేను మాట మార్చబోయాను. "అంటే నా హెయిర్ నాకంటే ముందే అమెరికా వెళ్లిందా?" అని అదొక్కసారి నవ్వింది. ఇంతా చేసి అది పుట్టింది డాలస్‌లోనే.

దాని వాదనకి నా దగ్గర జవాబు లేదు. పుట్టువెంట్రుకలు మన ఆచారం అంటే, స్ట్రెయిటెనింగ్ ఈ ఊరి ఆచారంలాగే కనపడుతోంది దానికి. చుట్టాలందరూ చేయమంటున్నారు, అక్కచెల్లెళ్లందరూ చేయించుకున్నారు, పెళ్లికి ముందు అందరూ వెళ్తున్నారు. మనవాళ్లలో కలిసిపోవాలని ఉందన్న పిల్లని, అదీ ఎన్నాళ్లుగానో మనవాళ్లలో కలవమని మేమే పోరిన పిల్లని, ఏమని ఆపను?

ఆపింది నేను కాదు, పంచాంగం. ఆషాఢం రాకముందే అయిపోవాలని పెట్టిన ముహూర్తం అది. రీబాండింగ్ చేశాక మూడు రోజులు తల తడపకూడదు, జడ వేయకూడదు, క్లిప్పు పెట్టకూడదు, చెవి వెనక్కి కూడా తోసుకోకూడదు. పెళ్లికూతుర్ని చేసే రోజు ఇంట్లో ఆడపిల్లలందరికీ నలుగు పెట్టి తలంటు పోయకుండా మా అమ్మ ఒప్పుకోదు. వెనక్కి లెక్కేస్తే ఒక్క రోజూ కుదరలేదు. పైగా పూలజడ వేయడానికి మాట్లాడిన ఆవిడ, "స్మూతెనింగ్ చేసిన జుట్టు జారిపోతుందండీ, ఇలాంటి జుట్టైతేనే పిన్నులు పట్టుకుంటాయి" అని ఒక మాట వేసింది. నేను వంద వ్యాసాలు చదివి చెప్పినా పడని మాట అలా పడింది.

వాయిదా పడింది కాబట్టి ఒప్పందం రాసుకోవాల్సి వచ్చింది. మా ఆవిడ పద్దెనిమిదేళ్లంది. "సిక్స్‌టీన్‌కి కారు తాళాలిస్తారు కదా, హైవే మీద నమ్ముతారు, హెయిర్ విషయంలో నమ్మరా?" అని అది బేరం పెట్టింది. పదహారుకి తెగింది. అప్పటికీ కావాలంటే రీబాండింగ్ చేయించుకోవచ్చు, కెరాటిన్ మాత్రం వద్దు. సగం డబ్బులు దాని బేబీ సిట్టింగ్ సంపాదన నుంచి. రిసెప్షన్ రోజు స్ట్రెయిటెనర్‌తో తిన్నగా చేసుకుంటానంటే సరేనన్నాం. చేసుకుంది, బాగుంది కూడా. బాగుందని చెప్పాను. అబద్ధం చెప్పి ఏం లాభం? పదహారేళ్లకి అది చేయించుకుంటుందనే నా అనుమానం.

మా అక్క మాత్రం ఊరుకోలేదు. పెళ్లి హడావుడి తీరగానే మియాపూర్‌లో ఇంకో పార్లర్ కనిపెట్టి, "ఇది పూర్తిగా ఆర్గానిక్ అటరా, పిల్లలకి కూడా చేస్తారట" అని వాట్సాప్‌లో సీసా ఫొటో పంపింది. ముందువైపు కొబ్బరికాయ బొమ్మ ఉంది. వెనకవైపు ఫొటో కూడా పంపమన్నాను. మూడో వరసలో గ్లైఆక్సిలిక్ యాసిడ్. దాని చుట్టూ ఎర్రగా సున్నా చుట్టి తిరిగి పంపితే, మా అక్క నుంచి వచ్చిన జవాబు: "అబ్బో, అమెరికా చాదస్తం."