కార్లో నీళ్లు ఎక్కణ్ణించి వస్తున్నాయో తేలేసరికి నెల పట్టింది – నా అనుభవం

నిన్న సాయంత్రం మా కారు కార్పెట్ మళ్లీ దాని చోట్లో కూర్చుంది. ఇంకా ఆ కోపం, ఆ ఊరట రెండూ చల్లారలేదు, అందుకే ఇప్పుడే రాసేస్తున్నాను.

మేం ఉండేది బెంగళూరులో, మారతహళ్లి దగ్గర మున్నేకొళాలలో. అమ్మ ప్రొద్దుటూరు నుంచి వస్తే గుడికి తీసుకెళ్లాను. దిగుతూనే "కుచ్చిళ్లంతా తడిసిపాయ, కార్లో నీళ్లేమన్నా ఒలకబోసినావా?" అంది. ముందు ఎడమ సీటు దగ్గర మ్యాట్ ఎత్తి అరచెయ్యి ఆనించి నొక్కాను. వేళ్ల మధ్యలోంచి నీళ్లు పైకొచ్చాయి. వారం రోజులుగా వస్తున్న ముక్కిన వాసన అదేనన్నమాట.

మొదట ఏసీని అనుమానించాను. ఏసీ నీళ్లు కారు కిందికి పోవాల్సిన పైపు మూసుకుపోతే లోపలికే కారతాయి. కానీ ఏసీ వేసి నిలబెడితే కింద చక్కగా బొట్లు పడుతున్నాయి. ఇంజన్‌ని చల్లబరిచే కూలెంట్ లీకైతే తియ్యటి వాసన, చేతికి జిగురు తగలాలి, అదీ లేదు. రెండు రోజులు ఏసీ వెయ్యకపోయినా వాన పడ్డ మర్నాడు తడి ఉంది. అంటే వాన నీళ్లే. అంతవరకు నేనే తేల్చుకుని సర్వీస్ సెంటర్‌కి వెళ్లాను.

అక్కడ జరిగింది మాత్రం ఇప్పటికీ మింగుడుపడటం లేదు. అడ్వైజర్ నా మాట సగంలోనే ఆపి, "మేడం, పిల్లలు బాటిల్ ఒంపేసి ఉంటారు" అన్నాడు. మాకు పిల్లలు లేరని చెప్పాను. "అయితే కిటికీ దించి మర్చిపోయి ఉంటారు" అన్నాడు. ఆ తర్వాత, వెయిటింగ్ హాల్లో పదిమంది కూర్చుని ఉండగా, గొంతు పెంచి "ఇది వరదలో మునిగిన బండిలా ఉంది, సెకండ్ హ్యాండా?" అని అడిగాడు. 2022 సెప్టెంబరులో యెమలూరు, సర్జాపుర రోడ్డు వైపు కార్లు మునిగినప్పటి నుంచి ఈ ఊళ్లో ఆ మాటంటే బండికి కళంకమే. షోరూంలో కొత్తగా కొన్న బండి అది, ఒక్కరోజు కూడా నీళ్లలో నిలవలేదు. సీటు బెల్టు చివరిదాకా లాగి చూపించాను. మునిగిన బండైతే ఆ చివర బురద చార ఉంటుంది. మాది శుభ్రంగా ఉంది. అతను అటు చూడనే లేదు. "సార్ నంబర్ ఇవ్వండి, సార్‌తో మాట్లాడతా" అన్నాడు. బండి నా పేరు మీద ఉంది, లోన్ నేను కట్టాను, పదకొండేళ్లుగా ఈ ఊళ్లో నేనే నడుపుతున్నాను. పదకొండేళ్లుగా మాట్లాడుతున్న కన్నడంలోనే అదంతా చెప్పాను. అయినా మా ఆయనకే ఫోన్ చేసి, డ్యాష్‌బోర్డు విప్పాలి, కార్పెట్ కొత్తది వెయ్యాలి, 46,000 అవుతుందని చెప్పాడు. చూసినందుకు 1,500 తీసుకున్నారు. నీళ్లు ఎక్కణ్ణించి వస్తున్నాయో మాత్రం బిల్లులో ఒక్క ముక్క లేదు. కారణం తెలియకుండా కార్పెట్ మారిస్తే వచ్చే వానకి కొత్త కార్పెట్ తడుస్తుంది, అంతే కదా! ఆ మాట అడిగితే జవాబు లేదు.

దారి చూపించింది మా సందు చివర చిన్న షెడ్డు పెట్టుకున్న మదనపల్లె మెకానిక్. బండి చూసీ చూడగానే "అక్కా, చెట్టు కింద పెడతావా?" అని అడిగాడు. అవును, మా పార్కింగ్ తురాయి చెట్టు కిందే.

అతను పైపుతో నీళ్లు కొట్టించిన పద్ధతి అందరూ తెలుసుకోవాలి. ముందు కింది నుంచి మొదలుపెట్టాలి. తలుపు, తర్వాత అద్దం అడుగు, చివర్లో పైకప్పు. ఒక్కో చోట ఐదారు నిమిషాలు. ముందే పైకప్పు తడిపేస్తే నీళ్లు అన్నిచోట్లకీ జారి ఏదీ తేలదు. నేను లోపల టార్చి పట్టుకుని కూర్చున్నాను. తలుపు దగ్గర ఏమీ లేదు, అద్దం దగ్గరా లేదు. అప్పుడు సన్‌రూఫ్ తెరిచి, కుడి మూల గాడిలో ఒక గ్లాసు నీళ్లు మెల్లగా పోశాడు. ముందు చక్రం వెనక నుంచి కింద పడ్డాయి. ఎడమ మూలలో పోస్తే నీళ్లు కదల్లేదు, నిండిపోయాయి. నిమిషం తర్వాత డ్యాష్‌బోర్డు పక్కన, ముందు అద్దానికీ తలుపుకీ మధ్యనున్న స్తంభం ప్లాస్టిక్ అంచు వెంట ఒక్కో చుక్క జారడం నా కళ్లతో చూశాను.

సన్‌రూఫ్ రబ్బరు నీళ్లని పూర్తిగా ఆపదట. కొంత లోపలికి దిగడం, చుట్టూ ఉన్న గాడిలో చేరడం, మూలల్లోని సన్నటి పైపుల్లోంచి బయటికి పోవడం, అదే దాని ఏర్పాటు. తురాయి ఆకులు జీలకర్ర గింజల కంటే కాస్త పెద్దవి, అంతే. అవి ధూళితో కలిసి ముద్దై పైపు నోట్లో బిగుసుకున్నాయి. గడ్డి కోసే మిషన్‌లో వాడే నైలాన్ తీగ మెల్లగా తోసి తీశాడు. ఇనుప తీగ పెడితే పైపు చిరుగుతుంది, గాలి ప్రెషర్ ఎక్కువ కొడితే లోపల అతుకు ఊడుతుంది. ఈ రెండూ ఎవరినీ చెయ్యనివ్వకండి.

ఆరబెట్టడం నేనే దగ్గరుండి చేయించాను, సగం పని నా చేతులతో చేశాను. బ్యాటరీ నెగటివ్ వైరు తీసి కాసేపు ఆగాకే సీటు కింద పసుపు కనెక్టర్ విప్పాలి, అది ఎయిర్‌బ్యాగ్‌ది. సీటు తీసి, కార్పెట్ ఎత్తి, కింద రెండు ఇటుకలు పెట్టి టేబుల్ ఫ్యాన్ ఆన్ చేశాం. కార్పెట్ పైన ఆరినట్టే ఉంటుంది, నమ్మకండి. దాని కింది ఫోమ్ పిండితే అర బకెట్ నీళ్లొచ్చాయి! వైర్లన్నీ దాని పక్క నుంచే పోతాయి. మేడ మీద ఆ ఫోమ్ ఆరడానికి, మధ్యలో జల్లులు పడుతూ, నాలుగు రోజులు పట్టింది. వాసన పోవడానికి వంటసోడా, పెర్ఫ్యూమ్ దండగ.

మెకానిక్ 1,800 తీసుకున్నాడు. సర్వీస్ సెంటర్‌కి ఫోటోలన్నీ పెట్టి, నా 1,500 వెనక్కివ్వమని మెయిల్ రాశాను. జవాబు రాలేదు. శనివారం నేనే వెళ్తున్నాను. పైపులోంచి తీసిన ఆకుల ముద్ద చిన్న స్టీలు డబ్బాలో దాచి ఉంచాను, అడ్వైజర్ టేబుల్ మీద పెట్టడానికి.