సొరకాయ తెచ్చినామె పేరు

"సహోదర ప్రేమ విషయములో ఒకనియందొకడు అనురాగముగలవారై, ఘనతవిషయములో ఒకని నొకడు గొప్పగా ఎంచుకొనుడి." (రోమా 12:10)

ఈ వచనంలో మొదటి సగం మన సంఘాల్లో బాగానే కనబడుతుంది. వరంగల్ ఎంజీఎంలో ఎవరైనా అడ్మిట్ అయ్యారని తెలిస్తే చాలు, సాయంత్రానికల్లా టిఫిన్ క్యారియర్ పట్టుకొని ఎవరో ఒకరు వార్డు దగ్గర ఉంటారు. రక్తం కావాలంటే యూత్ పిల్లలు కాజీపేట నుంచి బండ్లేసుకొని వస్తారు. దేవునికి స్తోత్రం. మనం వెనకబడింది రెండో సగంలో.

ఎదుటి మనిషిని మనకంటే కింద ఉంచి కూడా సాయం చేయొచ్చు. ఘనపరచడం అలా కుదరదు. నాకు లేనిదేదో ప్రభువు ఆ మనిషికి ఇచ్చాడని నమ్మాలి, అది నాకు అవసరమని ఒప్పుకోవాలి.

ఈ తేడాను మన ప్రాంతంలో సేవ చేసిన మనిషే ప్రపంచం ముందు నిలబడి చెప్పారు. వి.ఎస్. అజరయ్య గారు తమిళనాడు నుంచి డోర్నకల్ వైపు సేవకు వచ్చినవారు. 1910లో ఎడిన్‌బరోలో జరిగిన మిషనరీల మహాసభలో ఆయన మాట్లాడుతూ, మీరు బీదల కోసం ఆస్తులిచ్చారు, ప్రాణాలూ ఇచ్చారు, మాకు ప్రేమ కూడా కావాలి, మాకు స్నేహితులనివ్వండి అని అడిగారు. ప్రేమ లేకుండా ఆస్తంతా ఇచ్చినా ప్రయోజనం లేదని చెప్పే మొదటి కొరింథీ 13వ అధ్యాయాన్నే తీసుకెళ్లి వాళ్ల ముందు పెట్టారన్నమాట. ఎంత ధైర్యం కావాలి దానికి! రెండేళ్లకు, 1912లో, ఆయనే డోర్నకల్ బిషప్ అయ్యారు. ఆంగ్లికన్ సంఘంలో మొదటి భారతీయ బిషప్ ఆయనే.

ఆ రోజు దొరలను అడిగిన మాట ఇప్పుడు మనల్ని అడుగుతోంది. ఒకే ప్రభు బల్ల దగ్గర మోకరించే మనం కమిటీ ఎన్నికలు వచ్చేసరికి కులం లెక్కలు వేసుకుంటాం. పెళ్లి సంబంధాల దగ్గర ఇక చెప్పనక్కరలేదు. దీన్ని దాచిపెట్టి ఐక్యత గురించి ఎన్ని ప్రసంగాలు చేసినా లాభం లేదని నా నమ్మకం.

కోత పండుగ రోజు చూడండి. వడ్లు, మక్కలు, మిర్చి, కోళ్లు, అన్నీ బలిపీఠం ముందుకు వస్తాయి. ఊరి నుంచి ఒక ముసలామె దడికి పాకిన తీగ మీది మొదటి సొరకాయ కోసి, తడిగుడ్డతో తుడిచి, పాత చీరముక్కలో చుట్టి, బస్సులో ఒళ్లో పెట్టుకొని తెస్తుంది. ఆరాధన అయ్యాక వేలం. ఐదువందలు ఒకటోసారి, రెండోసారి... పాట పాడుకున్నవారి పేరు మైకులో మోగుతుంది, చప్పట్లు కొడతాం. వాళ్లు ఇచ్చేదీ దేవునికే, సంతోషమే. తెచ్చినామె పేరు మాత్రం ఎవరూ అడగరు. యేసు కానుక పెట్టె ఎదుట కూర్చున్నప్పుడు శిష్యులను దగ్గరికి పిలిచి మరీ చూపించింది రెండు కాసులు వేసిన బీద విధవరాలినే గదా (మార్కు 12).

అపొస్తలుడైన పౌలు మనం మొదట చదివిన రోమా పత్రిక వచనం రాసి ఊరుకోలేదు. అదే పత్రిక 16వ అధ్యాయం నిండా పేర్లే. చాలామంది గబగబా చదివేసి వదిలేస్తారు, నాకు మాత్రం చాలా ఇష్టమైన అధ్యాయం. సంఘ పరిచారకురాలు ఫీబే అనేకులకూ తనకూ సహాయకురాలని చెప్పుకొన్నాడు. రూఫు తల్లిని "ఆమె నాకును తల్లి" అన్నాడు. ప్రయాసపడిన మరియను, పెర్సిసును పేరుపెట్టి తలచుకున్నాడు. పౌలు చెబుతుంటే ఈ పత్రిక రాసిన తెర్తియు కూడా 22వ వచనంలో "నేను" అంటూ తన పేరుతో వందనాలు చెబుతాడు. ఆ కాలంలో ఇలా రాసిపెట్టే పని చాలాసార్లు బానిసలదే. అపొస్తలుడి పత్రికలో ఆయనకూ ఒక వాక్యం దక్కింది.

ఈసారి కోత పండుగకు కానుక తెచ్చిన ప్రతివారి పేరూ, ఊరూ ముందు చదివి, ఆ తర్వాతే వేలం మొదలుపెడదామని మా సంఘ పెద్దలను అడిగాం. టైమ్ ఎక్కువ పడుతుందని కొందరన్నారు. పడనివ్వండి అన్నారు పాస్టరుగారు. గుమ్మం దగ్గర నిలబడి పేర్లు రాసుకునే పని స్త్రీల సమాజం వాళ్లు తీసుకున్నారు.