బద్ధకం అంటే ఏంటమ్మా?

"అమ్మా, బద్ధకం అంటే ఏంటి?"

పదమూడేళ్ళ పిల్ల తెలుగు మాటకి అర్థం అడిగితే సంతోషపడాలి కదా. నేనూ ఒక్క క్షణం సంతోషపడ్డాను. తన చేతిలో ఉన్నది నా ట్యాబ్ అని ఆ తర్వాత చూశాను.

ముందురోజు రాత్రి తన పరీక్షల కోసం ఏఐతో టైంటేబుల్ వేయించాను. ప్రాంప్ట్, అంటే ఏం కావాలో మనం దానికి రాసిచ్చేది, ఎంత వివరంగా ఉంటే ప్లాన్ అంత బాగా వస్తుందంటారు కాబట్టి వివరంగానే రాశాను. "మా అమ్మాయి తెలివైనదే కానీ బద్ధకం. లెక్కల్లో తొందరపాటు. ఫోన్ పక్కనుంటే పుస్తకం ముట్టదు. 6 వారాల్లో పరీక్షలు. రోజుకి 3 గంటలు చదివేలా ప్లాన్ వెయ్యి." కావాలనే తెలుగులో రాశాను. మా ఇంట్లో ఇంగ్లీషులో రాసినదేదీ రహస్యం కాదు. తెలుగు లిపి నాకు తాళం వేసిన బీరువా. ఆ తాళంచెవి నేనే చేతికిచ్చిన సంగతి మర్చిపోయాను. నాలుగేళ్ళపాటు ప్రతి ఆదివారం, ఏడ్చినా వినకుండా తెలుగు క్లాసుకి పంపింది నేనే.

తెర మీద వేలు పెట్టి కూడబలుక్కుంది. "బ... ద కింద ధ ఒత్తు... కం." వాళ్ళ టీచరు వింటే మురిసిపోయేది.

"అంటే... నెమ్మది" అన్నాను.

బద్ధకానికీ అబద్ధానికీ ఒకటే ఒత్తు.

"ఓ. అవును, నేను నెమ్మదే" అంది తేలిగ్గా. మిగతాది చదివి ట్యాబ్ నా ఒళ్ళో పెట్టింది. "కానీ ఈ టైంటేబుల్ నాది కాదు. నీది. నువ్వే చదువుకో."

ఆ టైంటేబుల్ మాత్రం ముచ్చటగా ఉందండీ. 25 నిమిషాల చదువు, 5 నిమిషాల విరామం. ఒకసారి చదివిన పాఠం మర్నాడు, మూడు రోజులకి, వారానికి మళ్ళీ వచ్చేలా వేసింది. వదిలెయ్యడానికి మనసొప్పక ఉపన్యాసం మొదలుపెట్టాను. చదివింది ఎంత త్వరగా మర్చిపోతామో ఎబ్బింగ్‌హాస్ అనే జర్మన్ ఆయన 1885లోనే లెక్కగట్టాడనీ, అర్థంలేని అక్షరాల ముక్కలు బట్టీపట్టి తన మీద తానే ప్రయోగం చేసుకున్నాడనీ చెప్పాను. ఆ 25 నిమిషాల పద్ధతి కూడా ఫ్రాంచెస్కో చిరిల్లో అనే ఇటలీ కుర్రాడు 1980ల చివర్లో, చదువు సాగక, టమాటా ఆకారంలో ఉన్న వంటింటి టైమర్ పెట్టుకుని మొదలుపెట్టిందే అన్నాను.

"వాళ్ళు వాళ్ళ మీద చేసుకున్నారు. నువ్వు నా మీద చేస్తున్నావు."

నాకు జవాబు దొరకలేదు. దొరక్కపోతే నేను చేసే పని ఒకటుంది, గిన్నెలు తోముతాను.

ఆ సాయంత్రం తనే ప్రాంప్ట్ రాసుకుంది. నా దానికన్నా పొట్టిది. "ప్లాన్ వెయ్యకముందు నన్ను ప్రశ్నలడుగు" అని మొదలు. పుస్తకం మూసి ఏ పాఠం చెప్పగలవు, ఏ వేళకి అలిసిపోతావు, ఏ రోజులు కుదరవు అని అది అడిగింది. సగానికి జవాబులు నాకు తెలియవు. లెక్కల్లో తన ఇబ్బంది తొందరపాటు కాదట. సమీకరణం ఇస్తే చేసేస్తుంది. అదే లెక్కని నాలుగు వాక్యాల కథగా ఇస్తే దేన్ని ఎక్స్ అనుకోవాలో తెలియక ఆగిపోతుంది. నేను తొందరపాటు అని రాశాను, ఏఐ తలూపి "నిదానంగా సరిచూసుకోవడం" అని రోజుకో పావుగంట వేసింది. మనం చెప్పిందే నిజమనుకుని దాని మీద మేడ కట్టేస్తుంది. పిల్లని అడిగావా అని నన్ను అడగలేదు. అయినా అది నేను చెయ్యాల్సిన పని.

అడిగినవాళ్ళకి ఇప్పుడు సలహాలు కూడా ఇస్తున్నాను. ప్రాంప్ట్ పిల్లల చేతే రాయించండి, పేరూ బడి పేరూ పెట్టనివ్వకండి. వారానికో రోజు ఖాళీ వదలమనండి. ఒక్కో పనికి అనుకున్న టైముకి సగం కలపమనండి. ఎంత అనుభవమున్నా మనుషులు పనికి పట్టే కాలాన్ని తక్కువే అంచనా వేస్తారని కానమన్, ట్వెర్‌స్కీ అనే మనస్తత్వ శాస్త్రవేత్తలు 1979లోనే రాశారు. వచ్చిన పట్టికని ఒకసారి చేత్తో కూడి చూడండి. మాకు బుధవారం ఒకే గంటలో రెండు సబ్జెక్టులు పెట్టింది.

ఇంత చెప్పే నేను, తను పడుకున్నాక ఏ గడిలో టిక్కు పడిందో, ఏ గడిలో పడలేదో తొంగిచూస్తూనే ఉన్నాను. హోంవర్క్ ఏఐతో రాయిస్తే ఊరుకోనని గొంతు చించుకున్నదీ నేనే. అమ్మ చెయ్యాల్సిన పని మాత్రం రాయించుకోవచ్చు కాబోలు. ఒకరోజు మళ్ళీ దానికేదో ఫిర్యాదు చెయ్యబోయి ఆగాను. దాచుకోవడానికి నాకింకో లిపి రాదు.

తను వేసుకున్న ప్లానులో ఆదివారం తెలుగు క్లాసు లేదు. "పరీక్షలో లేదుగా" అంది. రెండు రోజులు మొహం ముడుచుకుని తిరిగి, చివరికి వారానికి 20 నిమిషాలు సంపాదించాను. అది తెలుగు కోసమా, నా పంతం కోసమా అంటే చెప్పలేను. ఆ తెలుగు రాకపోయుంటే ఆ ప్రాంప్ట్ తన కంట పడినా తనకి తెలిసేది కాదు. అలా తెలియకపోతే బాగుండేదా? ఒక్కో రోజు అవుననిపిస్తుంది.

మొన్న ఫోన్లో వాళ్ళ అమ్మమ్మతో అంటోంది: "అమ్మమ్మా, నాకు కొంచెం బద్ధకం. అందుకే లెక్కలకి ఎక్కువ టైం పెట్టుకున్నాను."

అమ్మ పగలబడి నవ్వింది. "మీ అమ్మ పోలికేనే" అంది. మా అమ్మాయి నా వైపు తిరిగి, మెచ్చుకున్నారన్నట్టు నవ్వింది.

అసలు అర్థం పరీక్షలయ్యాక చెబుదామని పెట్టుకున్నాను. ఇంకా 11 రోజులున్నాయి.