క్యూ పక్కన యు లేని మాటలు: ఇప్పటిదాకా చేసింది

ఇంగ్లిష్‌లో క్యూ వస్తే వెనకే యు ఉంటుందని చిన్నప్పుడే నేర్చుకుంటాం. అలా యు రాని మాటల్ని, వాటి అర్థాల్ని ఒక నోటుబుక్కులో పోగుచేస్తున్నాను. అక్షరాల బిళ్లలు పేర్చి మాటలు కట్టే స్క్రాబుల్ ఆట వల్ల పట్టుకున్న ఇష్టం ఇది. ఆ ఆటలో ఉన్న 100 బిళ్లల్లో క్యూ ఒక్కటే, విలువ 10 పాయింట్లు. యు బిళ్లలు నాలుగే. చివర్లో క్యూ చేతిలో మిగిలితే ఒకటే టెన్షన్. అప్పుడు ఆదుకునేది 'చీ'. రాసేది క్యూ, ఐ రెండక్షరాలే. చైనావాళ్లు ప్రాణశక్తికి వాడే మాట. ఉత్తర అమెరికా ఆటగాళ్లకు చెల్లే మాటల జాబితాలోకి 2006లో వచ్చింది.

ఈమధ్య పుస్తకమంతా తిరగరాశాను. అక్షరక్రమం వదిలేసి, మాట ఏ భాషలోంచి వచ్చిందో దాన్నిబట్టి పేజీలు విడదీశాను. గుర్తుపెట్టుకోవడానికి ఇదే మేలు. అరబ్బీ పేజీ ఇట్టే నిండిపోయింది. ఆ భాషలో గొంతు లోపలినుంచి పలికే 'క' ఒకటుంది, దాన్ని క్యూతో రాస్తారు. ఖాజీ, ఫకీరు, తలాక్, నికాబ్ అన్నీ అక్కడివే. ఇవి మనకూ తెలిసిన మాటలే కాబట్టి అర్థాలతో పనిలేదు, స్పెల్లింగ్ చూసుకుంటే చాలు. ఫకీరును కె-తోనూ రాయొచ్చు. చేతిలో ఏ బిళ్ల ఉంటే అది.

నాకు బాగా నచ్చింది 'కనాత్'. ఇరాన్‌లో కొండవాలు కింది భూగర్భజలాన్ని దూరంలోని ఊళ్లకు, పొలాలకు తెచ్చే సొరంగం. కాస్త వాలుగా తవ్వుతారు కాబట్టి నీళ్లు వాటంతటవే పారతాయి, తోడే పనిలేదు. పైనుంచి వరుసగా బావుల్లాంటి గుంతలు దింపుతారు. మట్టి తీయడానికి, గాలి ఆడడానికి, తర్వాత పూడిక తీయడానికి అవే దారి. సొరంగం నేల కిందే ఉంటుంది గనక ఎండకు నీరు పెద్దగా ఆవిరైపోదు. పర్షియన్ కనాత్‌లను యునెస్కో 2016లో ప్రపంచ వారసత్వ జాబితాలో చేర్చింది. అయిదక్షరాల మాట వెనక ఇంత పనితనం ఉందని తెలిశాక ఇక మర్చిపోవడం ఉండదు.

హీబ్రూ పేజీలో ఒక్కటే: 'కోఫ్'. అది అక్షరం పేరు, అంకెగా వాడితే 100. క్యూ, కోఫ్ రెండూ ఫినీషియన్ లిపిలోని ఒకే అక్షరం నుంచి పుట్టాయి.

'కివియట్' దగ్గర కాసేపు ఆగాను. కస్తూరి ఎద్దు ఒంటిమీద, పై బొచ్చు కింద ఉండే మెత్తటి ఉన్ని అది. ఈ మాటలో యు ఉంది, కానీ క్యూని ఆనుకుని లేదు. కాబట్టి నా లెక్కలో చెల్లుతుంది, చేర్చేశాను.

ఇక క్యూతో ముగిసే మాటలకు వేరే పేజీ తెరుస్తున్నాను. తలాక్‌తో పాటు బజారు అనే అర్థమున్న 'సూక్' అందులోకి వెళ్తుంది. దీనికి ఎస్-యు-క్యూ అని మూడక్షరాలే, యు ముందొస్తుంది. చివర ఎస్ తగిలించినా చెల్లుతుంది, అందుకే ప్రతి మాట పక్కనా ఎస్ పడుతుందో లేదో కూడా రాసుకుంటున్నాను.