అమ్మకి నోరంతా పళ్లు కట్టించే ముందు

అమ్మకి పైన మూడు, కింద అయిదు పళ్లే మిగిలాయి, అన్నం మెత్తగా పిసికి పెడితేనే తినగలిగేది. మొదట వెళ్లిన క్లినిక్‌లో షుగర్ ఎంతుందని కూడా అడగకుండా "మూడు రోజుల్లో పళ్లు పెట్టేస్తాం, ఇవాళే అడ్వాన్స్ కట్టండమ్మా" అన్నారు. భయమేసి లేచి వచ్చేశాం. రెండో చోట ప్రోస్తోడాంటిస్ట్, అంటే కట్టుడు పళ్లలో ఎండీఎస్ చేసిన డాక్టరమ్మ, సీబీసీటీ అనే 3డీ ఎక్స్‌రే స్కాన్ తీయించి దవడ ఎముక ఎంత మందం ఉందో తెర మీద చూపించారు, హెచ్‌బీఏ1సీ, అంటే రెండు మూడు నెలల సగటు షుగర్, తగ్గాకే మొదలుపెడదామన్నారు; ఇంప్లాంట్, అంటే పంటి వేరులా దవడలో బిగించే లోహపు ముక్క, ఎముకలో కలిసిపోవడానికి సాధారణంగా 3 నుంచి 6 నెలలు పడుతుందట, అందాకా తాత్కాలిక పళ్లు. ఏ కంపెనీ ఇంప్లాంటో లాట్ నంబర్‌తో సహా రాసిమ్మని తప్పకుండా అడగండి, పదేళ్ల తర్వాత స్క్రూ వదులైతే ఆ కాగితమే దిక్కు. నిన్న అమ్మ జంతిక కొరికింది, ఆ చప్పుడు నాకు వంటింట్లోకి వినిపించింది.