మామిడి తోట ఈగ కాదు మామా, ఇది వేరే ఈగ

మామిడి సీజన్లో ఊరికి పోతే చాలు, మామ పట్టుకుంటాడు. బంగారుపాళ్యం మార్కెట్‌కి తోతాపురి లోడు పంపించేసి వచ్చి మంచం మీద కూర్చుని "నువ్వు చదివేది పండు ఈగల మీదంట కదా పాపా, మన తోటలో కాయంతా పురుగు పడిపోతా ఉంది, దానికేమన్నా మందు చూడకూడదా" అంటాడు. ఆ ఈగ వేరు మామా, ఈ ఈగ వేరు అని చెప్తే, ఈగల్లో మళ్ళీ ఇన్ని రకాలా అని నవ్వుతాడు.

నిజానికి బాగా వేరు. తోటలో కాయని పొడిచి లోపల గుడ్లు పెట్టేది బాక్ట్రోసెరా డోర్సాలిస్, చూడ్డానికి చిన్న కందిరీగలా ఉంటుంది, దానికి మిథైల్ యూజినాల్ ట్రాప్ కడితే మగ ఈగలు ఆ వాసనకొచ్చి పడతాయి, దానికి నా పీహెచ్‌డీ ఏం అవసరం లేదు. నా దగ్గరుండేది డ్రోసోఫిలా మెలనోగాస్టర్. ఇంట్లో అరటిపళ్ళు మగ్గిపోతే ఎక్కడ్నించో వచ్చి ముసురుకుంటాయే, ఎర్ర కళ్ళ చిన్న ఈగలు, అవి. రెండున్నర మిల్లీమీటర్లు కూడా ఉంటాయో ఉండవో. 1910లో న్యూయార్క్‌లో మోర్గాన్ అనే సైంటిస్ట్‌కి తెల్ల కళ్ళ ఈగ ఒకటి దొరికినప్పట్నించి జెనెటిక్స్ వాళ్ళు వీటిని వదల్లేదు.

ఇంతకీ నేను చూసేది ఈగని కూడా కాదు, దాని రెక్కని, అది కూడా రెక్క ఇంకా రెక్క కాకముందు. ఈగ ఇంకా లార్వాగా, అంటే పురుగుగా ఉన్నప్పుడే దాని ఒంట్లో రేపటి రెక్క కోసం కొన్ని కణాలు పక్కన పెట్టి ఉంటాయి, దాన్ని వింగ్ డిస్క్ అంటారు. మొదట్లో ఓ యాభై కణాలు, నాలుగైదు రోజుల్లో సుమారు యాభై వేలు. ఇన్ని వేలల్లో ఏ కణం రెక్క అంచు అవ్వాలి, ఏది మధ్యలో ఉండాలి, ఎప్పుడు పెరగడం ఆపాలి, ఇదంతా ఎవరు చెప్తున్నారు? పైన కూర్చుని చెప్పేవాళ్ళెవరూ లేరు, పక్క కణం ఒక ప్రోటీన్ వదుల్తుంది, ఈ కణం మీదున్న రిసెప్టర్, అంటే దాన్ని అందుకునే ఇంకో ప్రోటీన్, పట్టుకుంటుంది, లోపల కొన్ని జీన్స్ ఆన్ అవుతాయి. సెల్ సిగ్నలింగ్ అంటే ఇంతే. ఆశ్చర్యం ఏంటంటే ఇలాంటి సిగ్నల్స్ పెద్దగా లేవు, వింగ్‌లెస్, హెడ్జ్‌హాగ్, నాచ్, డీపీపీ ఇలా ఓ గుప్పెడు, వాటినే ఈగ కంట్లో ఒకలా కాలులో ఒకలా పేగులో ఇంకోలా వాడేస్తుంది.

నాది వింగ్‌లెస్. దీని పుట్టుక మన దేశంలోనే అని నాకు ఎమ్మెస్సీ అయ్యేదాకా ఎవరూ చెప్పలేదు, ఇది నాకు ఇప్పటికీ కొంచెం మంట. ఢిల్లీలో వ్యవసాయ పరిశోధన సంస్థలో ఆర్.పి. శర్మ గారు 1973లో రిపోర్ట్ చేసిన మ్యూటెంట్, అంటే జీన్ మారిపోయిన ఈగ, అది. కొన్ని ఈగలకి ఒక రెక్క లేదు, కొన్నిటికి రెండూ లేవు, కొన్ని మామూలుగానే ఉన్నాయి, రెక్క లేని చోట ఖాళీగా కూడా లేదు, వీపు ముక్క ఇంకోటి మొలిచి ఉంది. అంటే కణాలు చావలేదు, "నువ్వు రెక్కవి" అనే మాట అందక వీపు అయిపోయాయి. 1980లో నుస్లైన్-ఫోల్‌హార్డ్, వీషౌస్ అనే ఇద్దరు సైంటిస్టులు ఈగ పిండం మీదుండే పట్టీలని చెడగొట్టే జీన్స్ లిస్ట్ వేస్తే అందులోనూ ఇది ఉంది (ఆ పనికి వాళ్ళకి 1995లో నోబెల్). ఇంకోపక్క అమెరికాలో నుస్సె, వార్మస్ ఎలుకల్లో రొమ్ము క్యాన్సర్ తెచ్చే వైరస్ వెనకాల పడి 1982లో ఒక జీన్ పట్టుకున్నారు, 1987లో చూస్తే ఎలుకలోని ఆ జీన్, ఈగలోని వింగ్‌లెస్ ఒకటే. మనుషుల్లో పెద్దపేగు క్యాన్సర్లు చాలావాటిలో చెడిపోయే ఏపీసీ జీన్ కూడా ఈ సిగ్నల్ నడిచే దారిలోదే. ఈగలతో ఏం ఉపయోగం అనేవాళ్ళకి నేను ఇదొక్కటే చెప్పి ఊరుకుంటా.

ల్యాబ్ రోజు ఎలా ఉంటుందంటే, ముందు వర్జిన్స్. క్రాస్ చెయ్యాలంటే జత కట్టని ఆడ ఈగలు కావాలి, ప్యూపా (గూడు దశ) నుంచి బయటికొచ్చాక పాతిక డిగ్రీల్లో ఓ ఎనిమిది గంటలే టైం, అందుకని పొద్దునా సాయంత్రం రెండుసార్లూ పోవాల్సిందే. బ్రహ్మోత్సవాలకి అలిపిరి వైపు ట్రాఫిక్ ఆపేసినా సరే చుట్టూ తిరిగైనా పోవాలి, ఈగ ఆగదు కదా. కార్బన్ డయాక్సైడ్ ప్యాడ్ మీద మత్తుగా పడుకోబెట్టి బ్రష్‌తో ఏరతాం, కొత్తగా పుట్టిన ఆడది పాలిపోయి ఉంటుంది, పొట్ట మీద లోపల్నించి ముదురు చుక్క ఒకటి కనిపిస్తుంది, అదే గుర్తు. ఇంక మే నెల తిరుపతి ఎండ గురించి చెప్పక్కర్లేదు, ముప్పై దాటితే మగ ఈగలకి పిల్లలు పుట్టవు, కాబట్టి ఇంక్యుబేటర్ ఆగిందంటే మా గుండె ఆగినట్టే, ప్రతి స్టాక్‌కీ, అంటే పెంచుకునే ప్రతి ఈగల రకానికీ, ఇంకో కాపీ 18 డిగ్రీల్లో దాచుకుంటాం.

నాకు ఇష్టమైంది డిసెక్షన్. లార్వాని ఉప్పు ద్రావణంలో పెట్టి సగానికి కోసి, నోటి దగ్గర ఒక ఫోర్సెప్స్‌తో పట్టుకుని ఇంకోదాంతో సాక్స్ తిరగేసినట్టు లోపలిది బయటికి తిప్పాలి. కొవ్వంతా మెల్లగా లాగేస్తే శ్వాసనాళం పక్కన అంటుకుని డిస్కులు కనిపిస్తాయి. ఫిక్స్ చేసి, వింగ్‌లెస్‌ని పట్టుకునే యాంటీబాడీలో రాత్రంతా ఫ్రిజ్‌లో ఉంచి, మరుసటి రోజు కాన్ఫోకల్ మైక్రోస్కోప్ కింద పెడితే డిస్క్ మధ్యలో అడ్డంగా ఒక గీత. రెండు మూడు కణాల వెడల్పే, అంత సన్నం. రేపు రెక్క అంచు వచ్చేది అక్కడే.

పుస్తకాల్లో దీని గురించి ఎంత నీట్‌గా రాస్తారంటే, ఆ గీత దగ్గర ప్రోటీన్ తయారై రెండు పక్కలా పాకుతుంది, దగ్గరున్న కణాలకి ఎక్కువ, దూరం వాటికి తక్కువ, ఎంత అందిందో చూసుకుని కణం తన చోటు తెలుసుకుంటుంది, పక్కన వాలుగా ఒక గ్రాఫ్ బొమ్మ. నేనూ అదే రాసి మార్కులు తెచ్చుకున్నా. అయితే 2014లో లండన్‌లో వాన్సాన్ గ్రూప్ ఒక పని చేసింది. వింగ్‌లెస్‌ని కణం పొర మీద ఉండే న్యూరోటాక్టిన్ అనే ప్రోటీన్‌కి అతికించేశారు, ఇంక అది ఎక్కడికీ పోలేదు, అంటుకుని ఉన్న పక్క కణానికి తప్ప ఎవరికీ అందదు. అసలు జీన్ తీసేసి దాని చోట ఇది పెట్టారు. పాఠం ప్రకారం ఈ ఈగ రెక్క నాశనం అయిపోవాలి. అవ్వలేదు. పెరగడం కొంచెం లేటు, రెక్క కొంచెం చిన్నది, అంతే, మిగతాదంతా దాదాపు మామూలుగానే ఉంది. ఆ పేపర్ మొదటిసారి చదివినప్పుడు బొమ్మలు మాత్రమే ముందూ వెనకా తిప్పి చూస్తూ కూర్చున్నా, రెక్క అంచు మీద వెంట్రుకలు కూడా వరసలో ఉన్నాయి!

దాంతో గ్రాఫ్ బొమ్మ అబద్ధం అనేసినవాళ్ళు కొందరు ఉన్నారు, అది కూడా తొందరే అని నా అభిప్రాయం. డిస్క్ చిన్నగా ఉన్నప్పుడు దాదాపు రెక్క కణాలన్నీ వింగ్‌లెస్ తయారుచేస్తాయి, తర్వాతే అది గీతగా తగ్గుతుంది, అప్పుడు విన్న మాటని కణాలు పెద్దయ్యాక కూడా గుర్తుపెట్టుకుంటాయేమో. ఇంకోటి, 2018లో అవే అతికించిన ఈగల్లో మాల్పీజియన్ నాళాలు, అంటే ఈగకి మూత్రపిండాల పని చేసేవి, చూస్తే అక్కడ మాత్రం తేడా కొట్టేసింది, అక్కడ ప్రోటీన్ వదులై దూరం పోవాల్సిందే. అదే ఈగ, అదే ప్రోటీన్, రెక్కలో పోకపోయినా నడుస్తుంది, నాళంలో పోకపోతే నడవదు. మా గైడ్‌తో నాకు రోజూ గొడవ దీని మీదే, ఆయన రిసెప్టర్లలో తేడా అంటారు, నేను టైమింగ్ అంటా, రెక్కకి తీరిగ్గా వినడానికి రోజులున్నాయి, నాళానికి గంటలే. ఉష్ణోగ్రత మార్చి సిగ్నల్‌ని మధ్యలో ఆపే స్టాక్ ఒకటి ఇప్పుడు క్రాస్‌లో ఉంది, ఏ వయసు లార్వాలో ఆపితే రెక్క చెడుతుందో దాంతో చూడాలి. ఆయన మాటే నెగ్గినా నాకు పర్లేదు, పేపర్‌లోకి ఒక ఫిగర్ అయితే వస్తుంది.