కోర్ 2 డుయోలో ప్లేస్టేషన్: ముందు స్పేస్‌బార్ నొక్కి చూడండి

కోర్ 2 డుయో ప్రాసెసర్, 2 జీబీ డీడీఆర్2 ర్యామ్, జీ31 లేదా జీ41 బోర్డు, విడిగా గ్రాఫిక్స్ కార్డు లేదు. ఒకప్పుడు మన ఊళ్లలో సగం అసెంబుల్డ్ సిస్టమ్‌లు ఇలాగే ఉండేవి. ఇప్పుడు అటకెక్కి దుమ్ముపట్టి ఉంటాయి. అలాంటి దాని మీద మొదటి ప్లేస్టేషన్ గేమ్‌లు ఆడొచ్చా అంటే నిక్షేపంగా ఆడొచ్చు. 1994 డిసెంబరులో జపాన్‌లో వచ్చిన ఆ కన్సోల్ ప్రాసెసర్ వేగం సుమారు 33.87 మెగాహెర్ట్జ్. మెయిన్ మెమరీ 2 ఎంబీ, వీడియోకి 1 ఎంబీ, సౌండ్‌కి 512 కేబీ. 1999లోనే కనెక్టిక్స్ కంపెనీ తెచ్చిన వర్చువల్ గేమ్ స్టేషన్ అనే ఎమ్యులేటర్ (కంప్యూటర్‌ని కన్సోల్‌లా నటింపజేసే ప్రోగ్రామ్) యాపిల్ జీ3 మాక్‌ల మీద ఈ గేమ్‌లు ఆడించింది. సోనీ కోర్టుకెక్కితే 2000 ఫిబ్రవరిలో అమెరికా తొమ్మిదో సర్క్యూట్ అప్పీళ్ల కోర్టు కనెక్టిక్స్ వైపే మొగ్గింది కూడా.

అంత పాత మాక్‌లు మోసిన బరువు డుయోకి ఎందుకు భారమవుతోంది? చాలాసార్లు పనిని తప్పు చోట అప్పజెప్పడం వల్ల. కొత్త ఎమ్యులేటర్లు బొమ్మ గీసే పని మొత్తం గ్రాఫిక్స్ చిప్ మీదకు తోస్తాయి. గ్రాఫిక్స్ చిప్‌తో బొమ్మ గీయించే పద్ధతుల్లో డైరెక్ట్3డీ 11 గానీ ఓపెన్‌జీఎల్ 3 పైబడినది గానీ ఉందనుకుని అవి మొదలవుతాయి. జీ31లోని జీఎంఏ 3100, జీ41లోని ఎక్స్4500 గ్రాఫిక్స్ చిప్‌లు అంత కొత్తవి కావు. ప్రోగ్రామ్ తెరవగానే నల్ల తెర, లేదా కళ్లు మూసి తెరిచేలోగా మాయం. ఇలాంటి బోర్డు మీద బొమ్మ గీసేది కూడా ప్రాసెసరే అయ్యుండాలి. గ్రాఫిక్స్ చిప్ పని, గీసిన బొమ్మను తెర మీద పెట్టడం వరకే.

అందుకు రెట్రోఆర్క్ అనే ప్రోగ్రామ్, అందులో పీసీఎస్‌ఎక్స్ రీఆర్మ్‌డ్ కోర్ తీసుకోండి. ఇక్కడ కోర్ అంటే రెట్రోఆర్క్‌లో తగిలించే ఎమ్యులేటర్, ప్రాసెసర్ కోర్ కాదు. పోర్టబుల్ పరికరాల కోసం పుట్టిన కోర్ కాబట్టి పొదుపు దాని రక్తంలోనే ఉంది. సాఫ్ట్‌వేర్‌లోనే బొమ్మ గీస్తుంది. బీటిల్ పీఎస్‌ఎక్స్ అనే ఇంకో కోర్ అసలు కన్సోల్‌కి మరింత దగ్గరగా నడుస్తుంది గానీ ఆ నిక్కచ్చితనానికి అయ్యే ఖర్చు డుయో భరించలేదు. దాని జోలికి పోవద్దు.

రెట్రోఆర్క్ తెరుచుకోకపోతే కంగారు పడొద్దు. దాని ఫోల్డర్లో ఉన్న కాన్ఫిగ్ ఫైల్‌ని నోట్‌ప్యాడ్‌లో తెరిచి, వీడియో డ్రైవర్ అన్న వరుసలో కోట్స్ మధ్య ఉన్నది తీసేసి జీఎల్ అని ఇంగ్లీషు చిన్నక్షరాల్లో రాయండి. అదీ కుదరకపోతే జీఎల్1. ఇది ఓపెన్‌జీఎల్ తొలి వెర్షన్లతో సరిపెట్టుకునే డ్రైవర్. షేడర్లు (బొమ్మకు మెరుగులు దిద్దేవి) పనిచేయవు, వాటితో మనకు పనీ లేదు. మెనూ డ్రైవర్ని కూడా ఆర్‌జీయూఐ అనే తేలికపాటి మెనూకి మార్చేయండి. చూడ్డానికి పాత డాస్ ప్రోగ్రామ్‌లా ఉంటుంది, కానీ మెనూలో తిరగడానికే చిప్ ఆయాసపడే బాధ తప్పుతుంది.

ఇక అసలు విషయం. గేమ్ నెమ్మదిగా ఉందనిపించగానే జనం పది సెట్టింగులు ఒకేసారి మార్చేస్తారు. ఏది పనిచేసిందో, ఏది చెడగొట్టిందో తర్వాత తెలియదు. దానికంటే ముందు ఒక పరీక్ష చేయండి. గేమ్‌లో బరువైన చోటికి వెళ్లండి. నలుగురైదుగురు శత్రువులు, పేలుళ్లు ఉన్న చోటైతే మంచిది. టైటిల్ తెర, వీడియో సీన్లు దీనికి పనికిరావు. ఎఫ్3 నొక్కితే సెకనుకు ఎన్ని ఫ్రేములు (బొమ్మలు) వస్తున్నాయో మూలన లెక్క కనిపిస్తుంది. ఇప్పుడు స్పేస్‌బార్ నొక్కండి, ఫాస్ట్ ఫార్వర్డ్ మొదలవుతుంది. అప్పుడు ఆ అంకె ఎంతకు ఎగబాకిందో చూడండి.

120 దాటితే మీ ప్రాసెసర్‌కి ఏ లోటూ లేదు. మామూలు ఆటలో కుదుపులు వస్తుంటే తప్పు వేరేచోట ఉంది. 65, 70 దగ్గర ఊగిసలాడితే ప్రాసెసర్ అంచు మీద ఉంది, అక్కడక్కడా తడబడుతుంది. 60 కూడా అందకపోతే నిజంగానే ఓపిక లేదు. ఇవి మామూలుగా 60 దగ్గర నడిచే ఎన్‌టీఎస్‌సీ (అమెరికా, జపాన్ టీవీ పద్ధతి) గేమ్‌ల లెక్కలు. యూరప్ వాళ్ల పాల్ గేమ్‌లు 50 దగ్గరే నడుస్తాయి, అది చూసి ప్రాసెసర్ని తిట్టకండి. ఫాస్ట్ ఫార్వర్డ్‌లో కూడా అంకె సరిగ్గా 60 దగ్గర మేకు కొట్టినట్టు ఆగిపోతే, ఇంటెల్ డ్రైవర్ ప్యానెల్లో వీసింక్ (ఫ్రేముల్ని మానిటర్ వేగానికి కట్టేసేది) బలవంతంగా ఆన్ అయి ఉందేమో చూడండి. దాన్ని అప్లికేషన్ ఇష్టానికి వదిలేసి మళ్లీ పరీక్షించండి.

సౌండ్ పటపటలకు కూడా ఈ పరీక్షే జవాబు. రెట్రోఆర్క్‌లో ఆడియో లేటెన్సీ (సౌండ్‌ని ముందుగా నిల్వ ఉంచే సమయం) మామూలుగా 64 మిల్లీసెకన్లు ఉంటుంది. ఫ్రేములు పుష్కలంగా ఉండి కూడా సౌండ్ పగులుతుంటే దాన్ని 96కో 128కో పెంచండి, సాఫీ అయిపోతుంది. ఫ్రేములే 60 అందనప్పుడు మాత్రం లేటెన్సీ ఎంత పెంచినా దండగ. చిల్లుపడ్డ బిందెకి బదులు చిల్లుపడ్డ గంగాళం పెట్టినట్టే.

ప్రాసెసర్ బాగానే ఉండి కుదుపులు వస్తుంటే చూడాల్సింది డెస్క్‌టాప్‌ని. విండోస్ 7లో ఏరో (విండోల గాజు మెరుపులు) ఆపి బేసిక్ థీమ్ పెట్టండి. రెట్రోఆర్క్ వీడియో సెట్టింగుల్లో విండోడ్ ఫుల్‌స్క్రీన్ ఆఫ్ చేయండి. లినక్స్‌లో ఎక్స్ఎఫ్‌సీఈ డెస్క్‌టాప్ వాడుతుంటే కంపోజిటర్ (విండోలకు నీడలు, మెరుపులు అద్దేది) ఆపేయండి. 60 హెర్ట్జ్ మానిటర్ మీద 50 ఫ్రేముల పాల్ గేమ్ ఆడితే కుదుపు ఎలాగూ ఉంటుంది. అదే గేమ్ ఎన్‌టీఎస్‌సీ డిస్కు మీ దగ్గరుంటే అది వాడుకోండి.

ప్రాసెసర్‌కే ఓపిక లేదని తేలితే ముందు దాని నెత్తిన ఎవరు కూర్చున్నారో చూడాలి. రన్ అహెడ్ (బటన్ స్పందన త్వరగా రావడానికి ఫ్రేముల్ని ముందే లెక్కించేది) ఆన్‌లో ఉంటే ఒక్క ఫ్రేముకే పని దాదాపు రెట్టింపవుతుంది. ఆటను వెనక్కి తిప్పే రివైండ్ ఆన్‌లో ఉంటే ఆట పొడవునా స్థితిని మెమరీలో దాస్తూనే ఉంటుంది. రెండూ ఆపండి. కోర్ ఆప్షన్లలో డైనారెక్ ఆన్‌లో ఉండాలి. కన్సోల్ ఆదేశాలను ముక్కలు ముక్కలుగా మన ప్రాసెసర్ భాషలోకి ఒకసారి మార్చి పెట్టుకుని మళ్లీ మళ్లీ వాడేది అదే. అది ఆఫ్ అయితే ప్రతి ఆదేశాన్నీ ప్రతిసారీ కొత్తగా చదవాలి, డుయో అక్కడే చతికిలబడుతుంది. సౌండ్‌ని వేరే థ్రెడ్‌లో నడిపే ఆప్షన్ మీ వెర్షన్లో ఉంటే ఆన్ చేయండి, ప్రాసెసర్లో ఖాళీగా కూర్చున్న రెండో కోర్‌కి కాస్త పని దొరుకుతుంది. మిగతా భారమంతా దాదాపు ఒకే ప్రాసెసర్ కోర్ మీద పడుతుంది. అందుకే ఇక్కడ 2.4 గిగాహెర్ట్జ్ నాలుగు కోర్ల క్యూ6600 కన్నా 3 గిగాహెర్ట్జ్ రెండు కోర్ల ఈ8400 నయం.

కోర్ ఆప్షన్లలో ప్లేస్టేషన్ సీపీయూ క్లాక్ అని ఒకటి కనిపిస్తుంది. పెంచితే గేమ్ వేగం పుంజుకుంటుందని చాలామంది పెంచేస్తారు. జరిగేది దానికి తలకిందులు. అది పెంచేది ఉత్తుత్తి కన్సోల్ వేగాన్ని. దాన్ని మోయాల్సింది మీ డుయో. దాన్ని ఉన్నచోటే ఉంచండి. ఫ్రేమ్‌స్కిప్ (కొన్ని ఫ్రేములు గీయకుండా దాటేయడం) అన్నిటికన్నా ఆఖరి మందు.

సాఫ్ట్‌వేర్ పక్కన పెట్టి ఒకసారి డబ్బా మూత కూడా తీయండి. ఇన్నేళ్లలో హీట్‌సింక్ కింది పేస్ట్ ఎండి సున్నంలా అయిపోయి ఉంటుంది. నాలుగు ప్లాస్టిక్ పిన్నుల్లో ఒకటి పైకి లేచినా ప్రాసెసర్ వేడెక్కి తనంతట తానే వేగం తగ్గించుకుంటుంది. మొదటి పది నిమిషాలు బాగా నడిచి ఆ తర్వాత మొరాయించే గేమ్ కనిపిస్తే ముందు అనుమానించాల్సింది ఇదే. పాత పేస్ట్ తుడిచేసి బఠాణీ గింజంత కొత్త పేస్ట్ పెట్టండి. ర్యామ్ 2 జీబీ చాలు. బోర్డు డ్యూయల్ చానెల్‌ని ఒప్పుకుంటే 2 జీబీ స్టిక్కు ఒకటి కన్నా 1 జీబీవి రెండు పెట్టడం మేలు, ఎందుకంటే గ్రాఫిక్స్ చిప్ కూడా ఆ ర్యామ్‌నే పంచుకుంటుంది. ఆడేటప్పుడు బ్రౌజర్ మూసేయండి.

గేమ్ ఫైళ్ల దగ్గర వచ్చే చిక్కులకు వేగంతో సంబంధం లేదు. మీ దగ్గరున్న డిస్కుని ఇమ్‌జ్‌బర్న్ అనే ప్రోగ్రామ్‌తో ఇమేజ్‌గా తీస్తే రెండు ఫైళ్లు వస్తాయి: ఒకటి పెద్ద బిన్, ఇంకోటి కేబీ కూడా నిండని క్యూ. ఎమ్యులేటర్‌కి ఇవ్వాల్సింది చిన్నదే. బిన్‌ని నేరుగా తెరిస్తే కొన్ని గేమ్‌లు నడుస్తాయి గానీ పాటలు రావు, ఎందుకంటే సీడీలో పాటల ట్రాకులు ఎక్కడ మొదలవుతాయో రాసి ఉన్నది క్యూలోనే. ఇంకో తప్పు, బిన్ పేరు అందంగా మార్చడం. క్యూ ఫైల్ మొదటి వరుసలో పాత పేరే ఉంటుంది కాబట్టి కోర్‌కి బిన్ దొరకదు. నోట్‌ప్యాడ్‌లో తెరిచి కోట్స్ మధ్య కొత్త పేరు రాయండి. సేవ్ చేశాక చివర టీఎక్స్‌టీ తగిలించుకుందేమో చూడండి, విండోస్ ఎక్స్‌టెన్షన్లు దాచిపెడుతుంది.

బయాస్ ఫైల్ (కన్సోల్ ఆన్ కాగానే నడిచే ప్రోగ్రామ్) కచ్చితంగా 5,24,288 బైట్లు ఉండాలి, రెట్రోఆర్క్ సిస్టమ్ ఫోల్డర్లో ఉండాలి, పేరు కోర్ అడిగినట్టే ఉండాలి. లినక్స్‌లో పెద్దక్షరం, చిన్నక్షరం తేడా ఉన్నా దొరకలేదంటుంది. అది సోనీ కాపీరైట్ సొత్తు, మీ కన్సోల్ నుంచి తీసుకున్నదే వాడాలి. అది లేకపోతే ఈ కోర్ తన సొంత నకలు బయాస్‌తో నడిపిస్తుంది. చాలా గేమ్‌లకు అది చాలు, కొన్ని మాత్రం మధ్యలో మొండికేస్తాయి.

గోడలు వణుకుతున్నట్టు, నేల మీది గళ్లు వంకర తిరిగినట్టు కనిపిస్తే అది మీ సిస్టమ్ లోపం కాదు. అసలు ప్లేస్టేషనే అంతే. త్రిభుజాల మూలలను పూర్తి పిక్సెళ్లకు సర్దేస్తుంది, దూరాన్ని బట్టి టెక్స్చర్ని సరిదిద్దదు. పాత ట్యూబ్ టీవీల మీద ఆ వణుకు ఇంతగా కనిపించేది కాదు.

గేమ్‌ప్యాడ్‌లో బాణాలు పనిచేయట్లేదంటే కోర్‌లో కంట్రోలర్ రకం చూడండి. అనలాగ్ స్టిక్కులున్న డ్యువల్‌షాక్ కంట్రోలర్ వచ్చింది 1997లో. అంతకుముందు గేమ్‌ల్లో కొన్నిటికి దాని ఊసే తెలియదు, వాటికి స్టాండర్డ్ అని పెట్టాలి. కీబోర్డుతో ఫైటింగ్ గేమ్ ఆడితే మూడు కీలు కలిపి నొక్కినప్పుడు ఒకటి మింగేస్తుంది. చవక కీబోర్డుల వైరింగే అలా ఉంటుంది.

మెమరీ కార్డు సంగతి మాత్రం మొదటిరోజే చూసుకోండి. గేమ్‌లో సేవ్ చేశారు, తెర మీద సేవ్ అయిందని కూడా వచ్చింది. కానీ ఆ 128 కేబీ కార్డు అప్పటికింకా ర్యామ్‌లోనే ఉంది. ఆటోసేవ్ ఆఫ్‌లో ఉంటే రెట్రోఆర్క్ దాన్ని హార్డ్‌డిస్క్‌కి రాసేది గేమ్ మూసేటప్పుడే. ఈలోగా కరెంటు పోయిందా, యూపీఎస్ బ్యాటరీ కూడా ఎప్పుడో చచ్చిందా, రెండు గంటల ఆట గల్లంతే. సెట్టింగుల్లో సేవింగ్ కింద సేవ్‌ర్యామ్ ఆటోసేవ్ ఇంటర్వెల్ అని ఉంటుంది. అది ఆఫ్‌లో ఉంటే 10 సెకన్లకు పెట్టండి.